తిరిగి వస్తే భౌతిక మార్పు, రాకపోతే రసాయన మార్పు: ఒక విద్యార్థిని నమ్మిన సూత్రం, దాన్ని మార్చిన తీరు

ఈ కేస్ స్టడీలోని అమ్మాయి చదువులో వెనకబడిన పిల్ల కాదు. నోట్స్ శుభ్రంగా రాస్తుంది, నిర్వచనం అడిగితే ఒక్క మాట పొల్లుపోకుండా చెబుతుంది, పరీక్షల్లో మంచి మార్కులే వస్తాయి. ఈ కేస్ రాయడానికి కారణం కూడా అదే. భౌతిక మార్పుకూ రసాయన మార్పుకూ తేడా తెలియని పిల్లలను పట్టుకోవడం తేలిక. తెలిసినట్టే జవాబులు రాస్తూ, లోపల వేరే సూత్రంతో నడిచే పిల్లలను పట్టుకోవడం కష్టం. వాళ్ళకు మార్కులు వస్తాయి కాబట్టి ఎవరూ ఆగి అడగరు. తీరా పదో తరగతిలో రసాయన సమీకరణాల దగ్గరికి వచ్చాక తడబడతారు.

అమ్మాయిని గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు. ఊరి పేరు, ఇంటి సంగతులు వదిలేశాను.

నేపథ్యం

వరంగల్‌కు దగ్గరలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల, పదో తరగతి. చుట్టూ పత్తి, మిర్చి, మక్క చేలు. పిల్లల్లో చాలామందికి యూరియా కలపడం, గిర్నీకి పోయి పిండి పట్టించుకురావడం రోజువారీ పనులు. మార్పుల పాఠం కింది తరగతుల్లోనే చదువుకుని వస్తారు. అందుకని పదో తరగతిలో రసాయన చర్యలు, సమీకరణాల పాఠం మొదలుపెట్టేముందు దాన్ని మళ్ళీ చెప్పను, ఒక స్లిప్ టెస్ట్ పెడతాను. కొత్త పదార్థం పుట్టిన చోటే సమీకరణం రాస్తాం. ఎక్కడ పుట్టిందో తెలియకపోతే బాణం గుర్తుకు కుడివైపు ఏం రాయాలో తెలియదు.

ఆ టెస్టులో మూడు గడులు ఉంటాయి: మార్పు, అది ఏ రకం, ఎందుకు. నాకు ముఖ్యమైంది మూడో గడి. మొదటి రెండూ చూసి మార్కులు వేయొచ్చు కానీ, పిల్ల ఎలా ఆలోచిస్తోందో మూడో గడిలోనే తెలుస్తుంది.

సమస్య ఎలా బయటపడింది

పుస్తకంలో ఉన్న ఉదాహరణలన్నీ ఆమె సరిగ్గానే రాసింది. మంచు కరగడం భౌతిక మార్పు. కాగితం చింపడం భౌతిక మార్పు. కాగితం కాలడం, ఇనుము తుప్పు పట్టడం రసాయన మార్పులు. నేను కొత్తగా చేర్చినవి మాత్రం తప్పాయి. మక్కలను పిండి పట్టించడం రసాయన మార్పు అని రాసింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు రంగుకు రావడం భౌతిక మార్పు అంది. యూరియా నీళ్ళలో కరగడం దగ్గర రెండుసార్లు కొట్టేసి, చివరికి భౌతిక మార్పు అని రాసింది.

మూడో గడి నిండా దాదాపు ఒకటే కారణం: తిరిగి వస్తుంది, తిరిగి రాదు. కాగితం చింపడం పక్కన మాత్రం ఏమీ రాయలేదు. ఆ ఖాళీ చూసే ఆమెను విడిగా కూర్చోబెట్టి అడిగాను.

"మక్కలు గిర్నీ పట్టిస్తే రసాయన మార్పు అని ఎందుకు రాసినవ్ బిడ్డా?"

"పిండి మల్ల మక్కలు కాదు గద సార్."

"మరి కాగితం చింపితే?"

"అది భౌతిక మార్పు సార్, పుస్తకంల ఉన్నది."

"చింపిన కాగితం మల్ల ఒక్కటైతదా?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "కాదు సార్. గని అది భౌతిక మార్పే."

సమస్య ఇక్కడ తేటతెల్లమైంది. ఆమె దగ్గర ఒక సూత్రం ఉంది: తిరిగి వస్తే భౌతికం, రాకపోతే రసాయనం. ఆ సూత్రానికి లొంగని ఉదాహరణ ఏదైనా పుస్తకంలో ఉంటే దాన్ని విడిగా బట్టీ పట్టింది. అందుకే పుస్తకంలో ఉన్నవన్నీ ఒప్పు, లేనివి తప్పు. ఈ సూత్రాన్ని ఆమె తనంతట తాను కల్పించుకోలేదు. తేడాల పట్టికల్లో "భౌతిక మార్పు ద్విగతం, రసాయన మార్పు అద్విగతం" (అంటే ఒకటి వెనక్కి వస్తుంది, ఇంకోటి రాదు) అన్న వరుస ఉంటుంది, "సాధారణంగా" అన్న మాట ఉన్నా అది ఎవరికీ గుర్తుండదు. మంచు, మైనం, కాగితం మంట లాంటి ఉదాహరణలకు ఆ సూత్రం సరిపోతుంది కూడా. పనిచేస్తున్న సూత్రాన్ని పిల్లలు ఎందుకు వదులుకుంటారు?

మొదట ప్రయత్నించినవి, ఎందుకు ఫలించలేదు

ముందుగా నిర్వచనం మీదే పనిచేశాం. కొత్త పదార్థం ఏర్పడితే రసాయన మార్పు, ఏర్పడకపోతే భౌతిక మార్పు అనే మాటను ఆమె చేత సొంత మాటల్లో చెప్పించాను, రెండు మూడు ఉదాహరణలకు వర్తింపజేయించాను. చక్కగా చెప్పింది. ఆ తర్వాత మిర్చి దంచడం గురించి అడిగితే, "కారం పొడి కొత్త పదార్థం సార్" అంది. తర్కం ఎక్కడికి పోయిందో చూడండి. ఎండుమిర్చికి ఒక పేరు, కారానికి ఇంకో పేరు, ఒకటి కిలోల్లో కొంటాం, ఇంకోటి డబ్బాలో పోస్తాం, కాబట్టి రెండు పదార్థాలు. కొత్త పదార్థం అనే మాట ఆమెకు వచ్చు, పదార్థం కొత్తదో పాతదో తేల్చే దారి మాత్రం తెలియదు. నిర్వచనం ఎన్నిసార్లు చెప్పించినా ఆ దారి దొరకదు.

తర్వాత లక్షణాల దారి పట్టాం. రంగు మారడం, వాయువు రావడం, వేడెక్కడం లేదా చల్లబడటం, అవక్షేపం (ద్రవంలో కరగకుండా విడిపోయే ఘనపదార్థం) ఏర్పడటం. చాలా పుస్తకాలు ఇచ్చే జాబితా ఇదే. పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుందని ఈ దారి ఎంచుకున్నాను. దొరికింది, కానీ కొత్త చిక్కు తెచ్చింది. మసులుతున్న నీళ్ళలో బుడగలు వస్తున్నాయి కాబట్టి వాయువు వస్తోంది, కాబట్టి రసాయన మార్పు అంది. యూరియా కరిగితే బకెట్ చల్లబడుతుందని ఆమెకు ఇంటి దగ్గరి అనుభవం, కాబట్టి అది కూడా రసాయన మార్పే అయిపోయింది. అంతకుముందు తిరిగి వస్తుందని భౌతికం అన్నది, ఇప్పుడు చల్లబడిందని రసాయనం. ఒక సూత్రం స్థానంలో ఇంకో సూత్రం వచ్చిందే తప్ప ఆలోచన మారలేదు.

లక్షణాలు కోర్టులో సాక్షుల లాంటివి, తీర్పు చెప్పేవి కావు. నీళ్ళ బుడగల్లో ఉన్నది నీటి ఆవిరే, వంటసోడాలో నిమ్మరసం పిండితే వచ్చే బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. బుడగలు రెండు చోట్లా ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే బుడగలో ఏముందో అడగాలి.

మారిన ప్రశ్న

ఇక్కడ ఆగి, ఆమెకు ఒకే ఒక ప్రశ్న ఇవ్వాలని నిర్ణయించుకున్నాను: ఇప్పుడున్నది, ముందున్నది చేసిన పనులే చేస్తుందా? పదార్థాన్ని దాని గుణాలతోనే గుర్తిస్తాం. పేరు మారిందా, ఆకారం మారిందా, వెనక్కి వస్తుందా అన్నవి పక్కన పెట్టి, ముందు ఏ పరీక్ష పెట్టామో అదే పరీక్ష మార్పు తర్వాత కూడా పెట్టాలి. ఇది పదో తరగతి పిల్ల చేతులతో చేయగల పని.

కర్పూరంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. డబ్బాలో పెట్టిన కర్పూరం రోజులు గడిస్తే తరిగిపోతుంది. హారతిలో వెలిగించినా అయిపోతుంది. ఇంట్లో రెంటికీ "కర్పూరం అయిపోయింది" అనే అంటాం. పైకి ఒకేలా ముగిసే రెండు మార్పులను పక్కపక్కన పెడితే, చూసి చెప్పే అలవాటు పనికిరాదు, పరీక్ష పెట్టక తప్పదు. షాపులో దొరికే బిళ్ళల్లో అప్పుడప్పుడు వేరేవి కలిసి ఉంటాయి. కాబట్టి ముందే ఒకసారి చేసి చూసుకున్న సరుకునే వాడాలి.

చిన్న స్టీల్ గిన్నెలో కర్పూరం వేసి, దాన్ని బాగా వేడి నీళ్ళలో నిలబెట్టి, పైన చల్లని నీళ్ళు పోసిన ప్లేటు పెట్టాం. దగ్గరలో మంట లేకుండా చూసుకున్నాం, కర్పూరం ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. కాసేపటికి ప్లేటు అడుగున తెల్లని పొడి పేరుకుంది. ఆమె గోటితో గీకి వాసన చూసి, "కర్పూరమే సార్" అంది. వాసన ఒక్కటి సరిపోతుందా అని అడిగితే, తనే అంది: "అంటించి చూద్దాం." వేడి నీళ్ళ గిన్నెను దూరంగా తీసేశాక ఆ పొడిని విడిగా అంటిస్తే అదే పొగమంట. ఇక రెండో వైపు, కర్పూరం వెలిగించి మంట మీద చల్లని ప్లేటు పట్టాం. నల్లని మసి వచ్చింది. ఆ మసికి కర్పూరం వాసన లేదు, అంటిస్తే ఆ మంటా లేదు. మంట మీద బోర్లించి పట్టిన సీసాలో సున్నపు తేట పోసి ఊపితే తెల్లబడింది. కార్బన్ డయాక్సైడ్ వచ్చిందనడానికి అది రుజువు.

అణువు సంగతి ఆ తర్వాతే చెప్పాను. కర్పూరం అణువులో 10 కార్బన్, 16 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఆవిరై ప్లేటుకు అంటుకున్నప్పుడు ఆ అణువు అలాగే ఉంది, ఒకదానికొకటి దూరం జరిగి మళ్ళీ దగ్గరయ్యాయి, అంతే. మండినప్పుడు ఆ అణువు విడిపోయి, దాని పరమాణువులు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీరు అయ్యాయి, కొంత కార్బన్ మసిగా మిగిలింది. ఈ మాట ముందే చెప్పి ఉంటే దాన్ని కూడా బట్టీ పట్టేది. రుజువు చేతిలో ఉన్నప్పుడు చెబితే, చూసినదానికి వివరణగా నిలుస్తుంది.

యూరియా, సున్నం

ఈ కేస్‌లో అసలు మలుపు ఇక్కడ వచ్చింది కాబట్టి కాస్త విపులంగా రాస్తాను.

యూరియా నీళ్ళలో వేస్తే గ్లాసు చల్లబడింది. రాతి సున్నం మీద నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి, చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. సున్నం పని నేనే చేశాను, పిల్లలను దూరంగా నిలబెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని. అది కంట్లో పడితే చూపుకే ప్రమాదం. రెండు చోట్లా వేడిలో మార్పు వచ్చింది. లక్షణాల జాబితా ప్రకారం రెండూ రసాయన మార్పులే కావాలి.

ఇప్పుడు అదే పరీక్ష మళ్ళీ పెట్టాలి. యూరియా నీళ్ళను ప్లేటులో పోసి వేడి నీళ్ళ గిన్నె మీద ఆరబెట్టాం. నేరుగా మంట మీద పెట్టకూడదు. ఎక్కువ వేడికి యూరియా విడిపోయి అమ్మోనియా ఘాటు కొడుతుంది, అది వేరే మార్పు, ఈ ప్రయోగాన్నే తారుమారు చేస్తుంది. ఆరిన తర్వాత తెల్లని స్ఫటికాలు మిగిలాయి. వాటిని నీళ్ళలో వేస్తే గ్లాసు మళ్ళీ చల్లబడింది. సున్నాన్ని కూడా అలాగే ఆరబెట్టి, మిగిలిన మెత్తని పొడి మీద మళ్ళీ నీళ్ళు పోశాం. ఏమీ జరగలేదు. పొంగూ లేదు, వేడీ లేదు.

ఆమె గ్లాసు బయట చెయ్యి పెట్టి చూసింది, తీసి మళ్ళీ పెట్టింది. "గిది మునుపటి సున్నం కాదు సార్" అంది.

అంతకుముందు వరకు ఆమె చెప్పిన కారణాలన్నీ పుస్తకంవో, నావో. ఇది తను పెట్టిన పరీక్షలోంచి వచ్చింది. రాతి సున్నం కాల్షియం ఆక్సైడ్, నీళ్ళతో చర్య జరిగి కాల్షియం హైడ్రాక్సైడ్ అయింది, కాల్షియం హైడ్రాక్సైడ్‌కు నీళ్ళతో మళ్ళీ ఆ చర్య లేదు. సమీకరణం నేను చెప్పక్కర్లేకుండా తనే రాసింది. యూరియాకు సమీకరణం ఎందుకు అక్కర్లేదో కూడా తనే చెప్పింది.

మక్కపిండి సంగతి త్వరగానే తేలింది. మెడికల్ షాపు టింక్చర్ అయోడిన్‌ను నీళ్ళలో పలుచన చేసి, కోసిన మక్కగింజ మీద ఒక చుక్క, పిండి మీద ఒక చుక్క వేశాం. రెండూ నీలినలుపుకు తిరిగాయి, పిండి పదార్థం ఉన్న చోట అయోడిన్ ఇచ్చే రంగు అదే. గిర్నీ గింజను ముక్కలు చేసింది, అందులోని పిండి పదార్థాన్ని మార్చలేదు. గింజ తిరిగి రాకపోవడానికీ పదార్థం మారడానికీ సంబంధం లేదని ఒప్పుకుంది. పాత సూత్రం ఒకవైపు కూలింది.

రెండో వైపు కూడా కూలాలి, లేకపోతే "రసాయన మార్పు ఎప్పుడూ వెనక్కి రాదు" అన్న సగం మిగిలిపోతుంది. అందుకు పసుపు, సున్నం. పెళ్ళిళ్ళలో పాదాలకు పూసే పారాణి ఇవి రెండూ కలిపిందే కాబట్టి ఎరుపు ఎలా వస్తుందో పిల్లలకు తెలుసు. పసుపులో రంగునిచ్చే కుర్కుమిన్, సున్నం లాంటి క్షారం తగిలితే తన అణువులోంచి హైడ్రోజన్ అయాన్‌ను వదులుకుంటుంది, అందుకే ఎర్రబడుతుంది. నిమ్మరసంలోని ఆమ్లం ఆ హైడ్రోజన్‌ను తిరిగి ఇస్తుంది, పసుపు రంగు వస్తుంది. పోయేటప్పుడు రసాయన మార్పు, వచ్చేటప్పుడూ రసాయన మార్పే.

"రంగు వచ్చింది గద సార్, మరి అన్నీ మునుపటి లెక్కనే ఉన్నట్టేనా?" అని ఆమె అడిగింది. చాలా మంచి ప్రశ్న. పసుపు వెనక్కి వచ్చింది, సున్నం మాత్రం రాలేదు. అది నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లంతో కలిసి కాల్షియం సిట్రేట్ అయిపోయింది. ఒక పదార్థం తిరిగి కనిపించిందని మొత్తం మార్పు వెనక్కి జరిగినట్టు కాదు. ఈ ఒక్క ఉదాహరణతో "తిరిగి రావడం" అన్న మాటే ఎంత వదులుగా ఉందో ఆమెకు అర్థమైంది.

ఫలితం చూసిన తీరు

కొన్ని వారాలు ఆగి, ప్రయోగాలు చేయని ఉదాహరణలతో మళ్ళీ అడిగాను. వెంటనే అడిగితే జ్ఞాపకాన్ని కొలిచినట్టు అవుతుంది.

పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తితో కొట్టి బొమ్మ తీస్తారు కదా, అది? "ఎంత కొట్టినా ఇత్తడే సార్, భౌతిక మార్పు. గని కొన్నొద్దులకు చిలుము పడ్తది సూడుండ్రి, అది రసాయన మార్పు." చింతపండుతో తోమితే? "చిలుము పోతది, గని అది మల్ల ఇత్తడి అయి పోదు సార్, చింతపండు పులుపుల కలిసి పోతది." కరీంనగర్ వెండి తీగ పనిలో వెండిని సన్నని తీగలుగా లాగడం, ఆ వెండే కొన్నాళ్ళకు నల్లబడటం కూడా ఇలాగే విడదీసింది. నల్లబడటం గాలిలోని గంధక సమ్మేళనాల వల్ల అని నేను చేర్చాను. పొద్దుగాల తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి పుల్లబడటం గురించి, "రుచి మారిందంటే లోపల చక్కెర ఇంకోటి అయినట్టు" అంది. మైనపువత్తి దగ్గర రెండు మార్పులూ ఒకేసారి జరుగుతాయని అడగకుండానే రాసింది. ఒక సంఘటనకు ఒకే పేరు పెట్టాలన్న పట్టుదల పోవడం నాకు మార్కులకన్నా పెద్ద ఫలితంగా అనిపించింది.

తేలనిది

అయోడిన్ సీసా ఇంకా టేబుల్ మీదే ఉండగా ఆమె మధ్యాహ్న భోజనంలోంచి నాలుగు మెతుకులు తెచ్చి చుక్క వేసింది. అవీ నీలినలుపుకే తిరిగాయి. "మరి అన్నం వండుడు రసాయన మార్పు అని పుస్తకంల ఎట్ల రాసిండ్రు సార్?"

నిజానికి ఇది గట్టి ప్రశ్న. బియ్యం ఉడికినప్పుడు పిండిరేణువులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బి, లోపలి అమరిక సడలిపోతుంది, అందుకే మెతుకు మెత్తబడుతుంది. గొలుసుల్లాంటి పిండి అణువులు మాత్రం చాలావరకు తెగవు. మాంసకృత్తుల్లోనూ కొంత మార్పు వస్తుంది. అడుగంటి మాడితే ఇక సందేహం లేదు, అది రసాయన మార్పే. మెత్తగా ఉడకడం మాత్రం రెండింటి మధ్య గీత మీద నిలబడే ఉదాహరణ. ఆ మాట ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. పరీక్షలో వండటం గురించి వస్తే పుస్తకం ప్రకారం రసాయన మార్పు అని రాసి, కారణంగా వేడికి ఆహారంలోని పదార్థాల్లో వచ్చే మార్పులను చూపించమన్నాను. మార్కు కోసం ఒక జవాబు, అసలు సంగతి ఇంకొకటి అని దాచకుండా చెప్పడం వల్ల పిల్లలకు సైన్స్ మీద నమ్మకం తగ్గదని నా అనుభవం.

తోటి ఉపాధ్యాయులకు

స్లిప్ టెస్టులో "ఎందుకు" గడి తప్పకుండా ఉండాలి, అందులో ఖాళీ వదిలిన చోటును తప్పు జవాబుకన్నా ఎక్కువ శ్రద్ధగా చూడాలి. ఉదాహరణల్లో పుస్తకంలో లేనివి సగమైనా ఉండాలి, లేకపోతే బట్టీకీ అవగాహనకూ తేడా కనబడదు. తేడాల పట్టికను నేను తీసేయలేదు, పాఠం చివరికి జరిపాను. ద్విగతం, అద్విగతం వరుస దగ్గర పిల్లల చేతే మక్కపిండి, పసుపు-సున్నం ఉదాహరణలు పక్కన రాయిస్తున్నాను.

సమయం తక్కువగా ఉంటే మిగతావి వదిలేసినా యూరియా, సున్నం జంటను మాత్రం వదలొద్దు. ఒకే పరీక్షను రెండోసారి పెట్టడం, రెండు వేర్వేరు జవాబులు రావడం ఒకే పీరియడ్‌లో చూపించాలంటే, ఆరబెట్టే పని ముందు రోజే చేసి పెట్టుకోవాలి. అన్నం ఉదాహరణను మొదట తీసుకురావద్దు. పరీక్ష పెట్టి తేల్చుకోవడం పిల్లలకు అలవాటయ్యాక తీసుకొస్తే దానిమీద మంచి చర్చ నడుస్తుంది, ముందే తెస్తే గందరగోళమే మిగులుతుంది.